వెనుకబడిన స్మార్ట్‌ఫోన్ ప్లాట్‌ఫామ్‌లు: యాప్ డెవలపర్లకు ఇచ్చిన ప్రోత్సాహకాలు

స్మార్ట్‌ఫోన్ మార్కెట్లో వెనుకబడిన ఆపరేటింగ్ సిస్టమ్ నిలదొక్కుకోవాలంటే బయటి డెవలపర్లు రాసిన మంచి యాప్‌లు దానికి తప్పనిసరి. కానీ వాడేవాళ్లు తక్కువగా ఉన్న ఫోన్‌కు యాప్ రాయడానికి డెవలపర్లు తమంతట తాము ముందుకు రారు. వారిని రప్పించడానికి ఫోన్ కంపెనీలు ఇచ్చే నగదు బహుమతులు, గ్రాంట్లు, ఉచిత ఫోన్లు, సాఫ్ట్‌వేర్ పనిముట్లు, శిక్షణ, స్టోర్‌లో ప్రచారం వంటివన్నీ డెవలపర్ ప్రోత్సాహకాల కిందికి వస్తాయి. 2008 తర్వాతి పదేళ్లలో పామ్ వెబ్‌ఓఎస్, బ్లాక్‌బెర్రీ 10, విండోస్ ఫోన్, ఫైర్‌ఫాక్స్ ఓఎస్, టైజెన్ ఒకదాని తర్వాత ఒకటి ఈ దారి పట్టాయి. ఆండ్రాయిడ్, ఐఫోన్‌ల తర్వాత మూడో స్థానం కోసం జరిగిన ఆ పోటీలో ఏదీ చివరిదాకా నిలవలేదు. వీటన్నిటిలో ఎక్కువ రకాల పద్ధతులను ప్రయత్నించి చూసింది మైక్రోసాఫ్ట్. అందుకే ఈ వ్యాసంలో విండోస్ ఫోన్‌కు ఎక్కువ చోటు దక్కింది. డబ్బుతో యాప్‌ల సంఖ్యను పెంచడం తేలికేననీ, నాణ్యతను, ఏళ్ల తరబడి సాగాల్సిన నిర్వహణను డబ్బుతో కొనడం చాలా కష్టమనీ ఈ ప్రయత్నాల చరిత్ర చూపిస్తుంది.

సమస్య స్వరూపం

చెట్టు ముందా విత్తు ముందా అన్న చిక్కే ఇక్కడా ఉంది. యాప్‌లు లేవని జనం ఫోన్ కొనరు, జనం కొనలేదని డెవలపర్లు యాప్‌లు రాయరు. ఆర్థికశాస్త్రంలో ఇలాంటివాటిని రెండు వైపుల మార్కెట్లు అంటారు. జాన్ షార్ల్ రోషే, జాన్ టిరోల్ 2003లో ప్రచురించిన పరిశోధన ఈ విషయానికి పునాది వేసినవాటిలో ఒకటి. టిరోల్‌కు 2014లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఇలాంటి మార్కెట్లో ఒక వైపువారికి రాయితీ ఇచ్చి, ఆ ఖర్చును రెండో వైపు నుంచి రాబట్టుకోవడం మామూలే. డెవలపర్ ప్రోత్సాహకాలు కూడా అలాంటి రాయితీలే.

యాప్‌ను వాడేవాళ్లు పది లక్షల మంది అయినా పది కోట్ల మంది అయినా దాన్ని రాయడానికి అయ్యే ఖర్చులో పెద్ద తేడా ఉండదు. 2013 నాటికి ప్రపంచంలో అమ్ముడవుతున్న స్మార్ట్‌ఫోన్లలో 90 శాతానికి పైగా ఆండ్రాయిడ్ ఫోన్లు, ఐఫోన్లే. ఆ రెండింటికీ యాప్ రాసిన కంపెనీ మూడోదానికి రాయాలంటే కొత్త భాష, కొత్త పనిముట్లు, కొత్త డిజైన్ పద్ధతి, మరో పరీక్షల బృందం కావాలి. ఆదాయం మాత్రం నామమాత్రం. పైగా యాప్ ఒకసారి రాసి వదిలేసేది కాదు. సర్వర్ మారినా, ఫోన్ సాఫ్ట్‌వేర్ మారినా, పోటీ యాప్‌లో కొత్త సౌకర్యం వచ్చినా దాన్ని మళ్లీ మళ్లీ సరిచేస్తూ ఉండాలి.

ఈ సందర్భంలో నాణ్యత అంటే కేవలం లోపాలు లేకపోవడం కాదు. ఆండ్రాయిడ్, ఐఫోన్ వెర్షన్లలో ఉన్న సౌకర్యాలన్నీ ఇందులోనూ ఉండాలి. అవి ఆలస్యం కాకుండా రావాలి. చవక ఫోన్‌లోనూ యాప్ చురుగ్గా నడవాలి. ఆ ప్లాట్‌ఫామ్ డిజైన్ పద్ధతిని పాటించాలి. వెబ్‌సైట్‌నే ఒక చట్రంలో పెట్టి యాప్ అని చూపితే వాడకందారు వెంటనే పసిగడతాడు.

తొలి పథకాలు

డెవలపర్లకు డబ్బు ఎరవేయడం బలహీన కంపెనీలు కనిపెట్టిన ఉపాయం కాదు. మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ మార్కెట్లోకి రాకముందే, 2007 నవంబరులో, గూగుల్ కోటి డాలర్లతో ఆండ్రాయిడ్ డెవలపర్ ఛాలెంజ్ ప్రకటించింది. 2008 మార్చిలో ఐఫోన్ యాప్‌ల కంపెనీల కోసం క్లైనర్ పెర్కిన్స్ అనే పెట్టుబడి సంస్థ 10 కోట్ల డాలర్ల నిధి పెట్టింది. అదే ఏడాది మేలో బ్లాక్‌బెర్రీ యాప్‌ల కోసం 15 కోట్ల డాలర్ల నిధి ఏర్పడింది. ఆపిల్ యాప్ స్టోర్ 2008 జులైలో దాదాపు 500 యాప్‌లతో మొదలైంది. ఆండ్రాయిడ్, ఐఫోన్‌ల విషయంలో ఈ డబ్బు వెనుకే కొనుగోలుదారులు కూడా పెద్ద సంఖ్యలో వచ్చారు. బహుమతి ఆగిపోయాక యాప్‌లను నిలబెట్టింది ఆ కొనుగోలుదారులే.

పామ్ కంపెనీకి ఆ అదృష్టం దక్కలేదు. 2009 జూన్‌లో పామ్ ప్రీ ఫోన్‌తో వచ్చిన వెబ్‌ఓఎస్‌కు వెబ్ పేజీలు రాయడం తెలిసినవారెవరైనా యాప్ రాయవచ్చు. ఆ తేలికదనం చాలామందికి నచ్చింది. 2010 ఫిబ్రవరి నుంచి మే వరకు పామ్ పది లక్షల డాలర్లతో ఒక పోటీ నడిపింది. ఉచిత యాప్‌లలో ఒకటి, అమ్మకపు యాప్‌లలో ఒకటి లక్ష డాలర్ల చొప్పున గెలుచుకుంటాయి. ప్రతి విభాగంలోనూ తర్వాతి 20 యాప్‌లకు పది వేలు, ఆ తర్వాతి 200 యాప్‌లకు వెయ్యి డాలర్ల చొప్పున ఇస్తారు. స్టోర్‌లో చేర్చినందుకు కాకుండా, జనాదరణను బట్టి డబ్బు ఇచ్చిన తొలి పథకాల్లో ఇది ఒకటి. అయితే పోటీ నడుస్తుండగానే, 2010 ఏప్రిల్‌లో, పామ్‌ను 120 కోట్ల డాలర్లకు హెచ్‌పీ కొనబోతున్నట్లు ప్రకటన వెలువడింది. హెచ్‌పీ 2011 జులై 1న వెబ్‌ఓఎస్ ట్యాబ్లెట్ టచ్‌ప్యాడ్‌ను అమ్మకానికి పెట్టి, ఆగస్టు 18న ఆ వ్యాపారాన్నే మూసేసింది. ఆ ట్యాబ్లెట్ కోసం యాప్‌లు సిద్ధం చేసుకున్న డెవలపర్ల శ్రమ ఏడు వారాల్లో వృథా అయింది.

విండోస్ ఫోన్

మైక్రోసాఫ్ట్ 2010 ఫిబ్రవరి 15న బార్సిలోనాలో విండోస్ ఫోన్ 7ను ప్రకటించి, అక్టోబరులో విడుదల మొదలుపెట్టింది. పాత విండోస్ మొబైల్‌ను పక్కనబెట్టి అంతా కొత్తగా కట్టారు. దాంతో స్టోర్ కూడా ఖాళీ నుంచే మొదలైంది.

డెవలపర్లకు చూపిన మొదటి ఆకర్షణ పనిముట్లు. విజువల్ స్టూడియో ఎక్స్‌ప్రెస్‌ను, ఫోన్ చేతిలో లేకపోయినా కంప్యూటర్ మీద యాప్‌ను నడిపి చూసుకునే ఎమ్యులేటర్‌ను ఉచితంగా ఇచ్చారు. యాప్‌లను సీ షార్ప్ భాషలో, సిల్వర్‌లైట్ అనే పనిముట్ల సమాహారం ఆధారంగా రాయాలి. గేమ్‌లకు ఎక్స్‌ఎన్‌ఏ అనే మరో సమాహారం ఉండేది. వీటికి ఆధారమైన డాట్‌నెట్ తెలిసిన ప్రోగ్రామర్లు హైదరాబాద్, బెంగళూరు ఐటీ కంపెనీల్లో పెద్ద సంఖ్యలో ఉండేవారు కాబట్టి వారికి ఇది పాత విద్యతోనే కొత్త పని. స్టోర్‌లో నమోదుకు ఏడాదికి 99 డాలర్లు. డ్రీమ్‌స్పార్క్ పథకం కింద విద్యార్థులకు అది ఉచితం. తర్వాత ఆ రుసుమును 19 డాలర్లకు తగ్గించారు. అమ్మకాల్లో 70 శాతం డెవలపర్‌కు, 30 శాతం మైక్రోసాఫ్ట్‌కు. డబ్బు చెల్లించేముందు యాప్‌ను వాడి చూసుకునే ట్రయల్ సౌకర్యం మొదటి నుంచీ ప్లాట్‌ఫామ్‌లోనే ఉండేది.

నాణ్యత కోసం పెట్టిన నిబంధనలు కూడా గమనించదగ్గవే. స్టోర్‌కు పంపిన ప్రతి యాప్ ఒక పరీక్ష దాటాలి. తెరిచిన 5 సెకన్లలోపు మొదటి తెర కనిపించాలి, 20 సెకన్లలోపు వేలి స్పర్శకు స్పందించాలి. మొదటి తెర మీద బ్యాక్ బటన్ నొక్కితే యాప్ మూసుకుపోవాలి. వాడకందారు వింటున్న పాటను అడగకుండా ఆపకూడదు. ఫోన్ నేపథ్యం నలుపైనా తెలుపైనా అక్షరాలు చదవగలిగేలా ఉండాలి. నల్ల నేపథ్యం మీదే పరీక్షించి పంపిన యాప్‌లో తెల్ల అక్షరాలు తెల్ల తెర మీద మాయమైతే దాన్ని తిప్పి పంపేవారు. మధ్యలో ఫోన్ కాల్ వచ్చి యాప్ పక్కకు వెళితే, తిరిగి వచ్చాక అది ఆగిన చోటే మొదలుకావాలి.

మెమరీ పరిమితి మరో పరీక్ష. 2012లో నోకియా లూమియా 610 వంటి 256 ఎంబీ మెమరీ ఉన్న చవక ఫోన్లు వచ్చాయి. వాటిలో యాప్ వెనుక నుండి పనిచేసే సౌకర్యాన్ని తీసేశారు. 90 ఎంబీకి మించి మెమరీ కావాల్సిన యాప్ ఆ సంగతిని తన వివరాల ఫైలులో రాసుకుంటే, స్టోర్ దాన్ని ఆ ఫోన్లకు ఇచ్చేది కాదు. మైక్రోసాఫ్ట్ సొంత ఉత్పత్తి స్కైప్ కూడా 256 ఎంబీ ఫోన్లలో నడవలేదు. టెంపుల్ రన్ గేమ్ 2013లో విండోస్ ఫోన్ 8కు వచ్చినప్పుడు దానికి 1 జీబీ మెమరీ కావాల్సి వచ్చింది. అప్పటికి ఎక్కువగా అమ్ముడవుతున్న చవక లూమియా ఫోన్లలో ఉన్నది 512 ఎంబీ. అంటే ఎక్కువమంది చేతుల్లో ఉన్న ఫోన్‌లోనే పేరున్న ఆట నడవలేదు. ఆ లోటును తర్వాతి అప్‌డేట్‌లో సవరించారు.

నోకియా పాత్ర

2011 ఫిబ్రవరి 11న నోకియా, మైక్రోసాఫ్ట్ కంపెనీలు లండన్‌లో పొత్తు ప్రకటించాయి. అంతకు కొద్ది రోజుల ముందే, పోటీ ఇక ఫోన్ల మధ్య కాదనీ, యాప్‌లతో సహా మొత్తం వ్యవస్థల మధ్య అనీ నోకియా అధిపతి స్టీఫెన్ ఈలాప్ సిబ్బందికి రాసిన లేఖ బయటికి వచ్చింది. ఈ నిర్ణయంతో నోకియా అప్పటిదాకా వాడిన ఆపరేటింగ్ సిస్టమ్ సింబియన్ భవిష్యత్తు ముగిసింది. 2008లో ట్రోల్‌టెక్ కంపెనీని కొని, క్యూట్ అనే పనిముట్ల సమాహారంతో సింబియన్ ప్రోగ్రామింగ్‌ను సులువు చేస్తామని నోకియా చెప్పిన మాట నమ్మి నేర్చుకున్నవారు మళ్లీ మొదటికి వచ్చారు.

నోకియా రెండు భిన్నమైన పథకాలు నడిపింది. మొదటిది యాప్‌క్యాంపస్. ఫిన్లాండ్‌లోని ఎస్పోలో ఆల్టో విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 2012లో మొదలైంది. మైక్రోసాఫ్ట్, నోకియా చెరి సగం వేసుకుని మూడేళ్లకు 1.8 కోట్ల యూరోలు కేటాయించాయి. ఎంపికైన బృందానికి 20,000 నుంచి 70,000 యూరోల దాకా గ్రాంటు, శిక్షణ, మార్గదర్శకత్వం ఇచ్చేవారు. కంపెనీలో వాటా అడగలేదు, యాప్ మీద హక్కులూ బృందానివే. రెండోది డీవల్‌అప్. యాప్ రాయడాన్నే ఆటలా మార్చిన పథకం ఇది. స్టోర్‌లో యాప్ చేర్చినా, దానికి కొత్త సౌకర్యం జోడించినా, ఇచ్చిన సవాలు పూర్తిచేసినా పాయింట్లు వస్తాయి. వాటితో ఫోన్లు, యాప్‌కు ప్రచారం వంటివి పొందవచ్చు. ఒంటరిగా పనిచేసే డెవలపర్‌కు కొత్త మోడల్ ఫోన్ చేతికి రావడం, యాప్ పేరు స్టోర్ మొదటి పేజీలో కనిపించడం నగదు కంటే ఎక్కువ ఉపయోగపడేవి.

నగదు పథకాలు

పెద్ద యాప్‌ల విషయంలో మైక్రోసాఫ్ట్ నేరుగా ఖర్చు భరించింది. 2012 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ రాసిన కథనం ప్రకారం ఫోర్‌స్క్వేర్ విండోస్ ఫోన్ యాప్ ఈ పద్ధతిలోనే తయారైంది. యాప్ సంక్లిష్టతను బట్టి ఇలాంటి పనికి 60,000 నుంచి 6,00,000 డాలర్ల దాకా ఖర్చవుతుందని డెవలపర్లు ఆ పత్రికకు చెప్పారు. ఫేస్‌బుక్ యాప్‌ను చాలాకాలం మైక్రోసాఫ్టే స్వయంగా రాసి ఇచ్చింది. యాప్ స్టోర్‌లో కనిపించింది గానీ, ఫేస్‌బుక్ కొత్త సౌకర్యం తెచ్చిన ప్రతిసారీ విండోస్ ఫోన్ వాడేవారు నెలల తరబడి వేచి చూడాల్సి వచ్చేది.

చిన్న డెవలపర్లకు 2013 మార్చిలో అమెరికాలో కీప్ ద క్యాష్ అనే పథకం పెట్టారు. కంప్యూటర్ల కోసం ఉన్న విండోస్ స్టోర్‌లో గానీ విండోస్ ఫోన్ స్టోర్‌లో గానీ చేర్చిన ఒక్కో యాప్‌కు 100 డాలర్లు. ఒక్కో స్టోర్‌కు పది యాప్‌ల చొప్పున ఒకరికి గరిష్ఠంగా 2,000 డాలర్లు. మొదటి 10,000 యాప్‌లకే ఇది వర్తిస్తుంది. లెక్క చూస్తే పథకంలోని లోపం తెలుస్తుంది. ఒకే యాప్‌ను ఆరు నెలలు కూర్చుని తీర్చిదిద్దినవారికి దక్కేది 100 డాలర్లు. వారాంతాల్లో పది చిన్న యాప్‌లు చుట్టబెట్టి పంపినవారికి 1,000 డాలర్లు. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన యాప్ స్టూడియో, బ్రౌజర్‌లో నమూనాలు ఎంచుకుని ప్రోగ్రామింగ్ రాకుండానే యాప్ తయారుచేసే వీలు కల్పించింది. నేర్చుకునేవారికి అది మంచి మెట్టు. స్టోర్‌కు మాత్రం ఒకే మూసలో పోసిన యాప్‌లు పెరిగాయి.

సంఖ్య అంతకుముందు నుంచే పెరుగుతూ వచ్చింది. 2012 జూన్ నాటికి విండోస్ ఫోన్ స్టోర్ లక్ష యాప్‌లు దాటింది. 2014 ఆగస్టులో మాత్రం జనాన్ని తప్పుదోవ పట్టించే పేర్లు, బొమ్మలు ఉన్న 1,500కు పైగా యాప్‌లను విండోస్ స్టోర్ నుంచి తొలగించినట్లు మైక్రోసాఫ్టే ప్రకటించాల్సి వచ్చింది. సంఖ్య కోసం తెరిచిన తలుపు గుండా అన్ని రకాల సరుకూ లోపలికి వచ్చింది.

రాని యాప్‌లు, ఆలస్యంగా వచ్చిన యాప్‌లు

ఫోన్ కొనేవాడు స్టోర్‌లో ఎన్ని లక్షల యాప్‌లు ఉన్నాయో లెక్కపెట్టడు. తన స్నేహితులు వాడుతున్న నాలుగైదు ఉన్నాయా లేవా అని చూస్తాడు. ఇన్‌స్టాగ్రామ్ విండోస్ ఫోన్‌కు వచ్చేసరికి 2013 నవంబరు అయింది. అదీ బీటా పేరుతో, వీడియో తీసే వీలు లేకుండా. ఆ లోటును తీర్చింది రూడీ హ్యూన్ అనే స్వతంత్ర డెవలపర్ రాసిన 6ట్యాగ్. సొంత కంపెనీ యాప్ కంటే బయటివాడి యాప్‌లోనే ఎక్కువ సౌకర్యాలు ఉన్నాయని వాడకందార్లు మెచ్చుకున్నారు. కానీ ఇలాంటి యాప్‌ల మనుగడ అసలు సేవ యజమాని దయమీద ఆధారపడింది. స్నాప్‌చాట్ తన అధికారిక యాప్ తేలేదు సరికదా, 2014 డిసెంబరులో ఇతరులు రాసిన స్నాప్‌చాట్ యాప్‌లన్నిటినీ స్టోర్ నుంచి తీయించింది. హ్యూన్ రాసిన 6స్నాప్ కూడా వాటితోపాటే పోయింది.

యూట్యూబ్ కథ మరో రకం. 2013 మేలో మైక్రోసాఫ్ట్ స్వయంగా ఒక యూట్యూబ్ యాప్ తెచ్చింది. అందులో ప్రకటనలు కనిపించవు, వీడియోలు దింపుకోవచ్చు. ఇది నిబంధనలకు విరుద్ధమని గూగుల్ అభ్యంతరం చెప్పింది. ఆగస్టులో సవరించిన యాప్ తెస్తే దాన్ని కూడా గూగుల్ అడ్డుకుంది. ఎదుటి కంపెనీకి మన ప్లాట్‌ఫామ్ బతకడం ఇష్టం లేనప్పుడు ఏ ప్రోత్సాహకమూ పనిచేయదని దీనితో తేలింది.

పదే పదే మారిన పునాది

డెవలపర్ల నమ్మకాన్ని ఎక్కువగా దెబ్బతీసినవి ప్లాట్‌ఫామ్‌లో వచ్చిన మార్పులు. లూమియా 900 అమెరికాలో 2012 ఏప్రిల్‌లో అమ్మకానికి వచ్చింది. జూన్ 20న విండోస్ ఫోన్ 8ను ప్రకటిస్తూ, పాత ఫోన్లకు అది అందదని మైక్రోసాఫ్ట్ చెప్పింది. కొత్త వెర్షన్ విండోస్ ఎన్‌టీ కెర్నల్ మీద నడుస్తుంది, సీ ప్లస్ ప్లస్‌లో రాసిన గేమ్‌లకు అవకాశం ఇస్తుంది. సాంకేతికంగా అది మంచి అడుగే. కానీ ఎక్స్‌ఎన్‌ఏ నేర్చుకున్న గేమ్ డెవలపర్లకు దాని భవిష్యత్తు అక్కడితో ఆగింది. 2014 ఏప్రిల్‌లో వచ్చిన విండోస్ ఫోన్ 8.1 కంప్యూటర్‌కూ ఫోన్‌కూ కలిపి యాప్ రాసే యూనివర్సల్ యాప్‌ల పద్ధతిని తెచ్చింది. దాంతో సిల్వర్‌లైట్ పాతబడింది. 2015లో విండోస్ 10 మొబైల్ వచ్చి ఆ పద్ధతిని మళ్లీ మార్చింది. ఐదేళ్లలో మూడుసార్లు, ఉన్న యాప్‌ను తిరగరాయాలా వద్దా అని డెవలపర్ ఆలోచించుకోవాల్సి వచ్చింది. వాడకందార్లు తక్కువగా ఉన్నచోట ఆ ప్రశ్నకు జవాబు చాలాసార్లు వద్దు అనే వచ్చింది.

విండోస్ 10 కాలంలో మైక్రోసాఫ్ట్ వేసిన పథకం వేరు. రెండు మూడేళ్లలో వంద కోట్ల పరికరాల్లో విండోస్ 10 ఉంటుంది, కంప్యూటర్ కోసం యాప్ రాస్తే ఫోన్‌కు ఎలాగూ వస్తుంది అన్నది దాని సారాంశం. దానితోపాటు ఆండ్రాయిడ్ యాప్‌లను తెచ్చే ప్రాజెక్ట్ అస్టోరియా, ఐఫోన్ యాప్‌ల కోడ్‌ను మార్చుకునే ప్రాజెక్ట్ ఐలండ్‌వుడ్‌ను 2015 ఏప్రిల్‌లో తన డెవలపర్ల సదస్సు బిల్డ్‌లో ప్రకటించింది. ఐలండ్‌వుడ్‌ను బహిరంగ కోడ్‌గా విడుదల చేశారు. అస్టోరియాను 2016 ఫిబ్రవరిలో రద్దుచేశారు. ఆండ్రాయిడ్ యాప్‌లు యథాతథంగా నడిస్తే విండోస్ కోసం ప్రత్యేకంగా రాయడానికి ఇక ఎవరికీ కారణం ఉండదన్న భయం ఆ పథకం చుట్టూ మొదటినుంచీ ఉంది.

ముగింపు దశ

మార్కెట్ పరిశోధన సంస్థ ఐడీసీ లెక్కల ప్రకారం 2013లో అమ్ముడైన స్మార్ట్‌ఫోన్లలో విండోస్ ఫోన్ వాటా 3.3 శాతం. మరో పరిశోధన సంస్థ గార్ట్‌నర్ లెక్కల ప్రకారం 2016 మొదటి త్రైమాసికంలో అది 0.7 శాతానికి పడిపోయింది. నోకియా ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్ 544 కోట్ల యూరోలకు కొనేందుకు 2013 సెప్టెంబరులో ఒప్పందం కుదిరింది, 2014 ఏప్రిల్‌లో అది పూర్తయింది. ఈ రెండింటికీ మధ్య, 2014 ఫిబ్రవరిలో, హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. ఆ కొనుగోలుకు తాను వ్యతిరేకంగా ఓటు వేశానని 2017లో వచ్చిన తన పుస్తకం హిట్ రిఫ్రెష్‌లో ఆయన రాశారు. ఆయన హయాంలోనే 2015 జులైలో ఆ వ్యాపారం కింద 760 కోట్ల డాలర్లను నష్టంగా రాసి, 7,800 ఉద్యోగాలు తగ్గిస్తున్నట్లు ప్రకటించారు. ఆఫీస్ వంటి తమ యాప్‌లను ఐఫోన్, ఆండ్రాయిడ్‌లకు ఇవ్వడం మీదే కంపెనీ దృష్టి పెట్టింది. 2017 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ ఉన్నతాధికారి జో బెల్ఫియోర్ ట్విట్టర్‌లో అసలు విషయం చెప్పేశారు. డెవలపర్లకు డబ్బిచ్చామనీ, వారి తరఫున యాప్‌లు రాసిపెట్టామనీ, అయినా చాలా కంపెనీలు పెట్టుబడి పెట్టేంతగా వాడకందార్లు లేకపోయారనీ ఆయన మాటల సారాంశం. 2019 చివర్లో వాట్సాప్ కూడా విండోస్ ఫోన్లకు సేవ ఆపేసింది.

బ్లాక్‌బెర్రీ 10

బ్లాక్‌బెర్రీ ఫోన్లు తయారుచేసే రిసెర్చ్ ఇన్ మోషన్ కంపెనీ 2012 మేలో డెవలపర్లకు రెండు హామీలు ఇచ్చింది. ఒకటి, ఫోన్ మార్కెట్లోకి రాకముందే పరీక్షల కోసం డెవ్ ఆల్ఫా ఫోన్లు. రెండోది పది వేల డాలర్ల హామీ. నాణ్యత పరీక్షలో నెగ్గిన యాప్ మొదటి ఏడాది సొంతంగా కనీసం 1,000 డాలర్లు సంపాదిస్తే, మొత్తం 10,000 డాలర్లు అయ్యేలా తక్కువపడినదాన్ని కంపెనీ ఇస్తుంది. ఈ షరతులో తెలివి ఉంది. పనికిరాని యాప్‌కు వెయ్యి డాలర్లు రావు కాబట్టి కంపెనీ డబ్బు వృథా కాదు. కష్టపడినవారికి తొలి ఏడాది నష్టం రాదు. ఇంతవరకూ చెప్పుకొన్న పథకాల్లో నాణ్యతను, ఆదాయాన్ని రెండింటినీ ముడిపెట్టినది ఇదే.

అదే కంపెనీ 2013 జనవరిలో పోర్టథాన్ పేరుతో యాప్‌కు 100 డాలర్లు ఇస్తామంది. ఒకటిన్నర రోజుల్లో దాదాపు 15,000 యాప్‌లు వచ్చిపడ్డాయి. జనవరి 30న బ్లాక్‌బెర్రీ 10 విడుదలైనప్పుడు స్టోర్‌లో 70,000 యాప్‌లు ఉన్నట్లు ఘనంగా చెప్పుకున్నారు. ఇన్‌స్టాగ్రామ్, నెట్‌ఫ్లిక్స్ మాత్రం రాలేదు. ఆ ఏడాది ఆగస్టు నాటికి బ్లాక్‌బెర్రీ స్టోర్‌లోని యాప్‌లలో మూడో వంతుకు పైగా ఒకే సంస్థ తయారుచేసినవేనని వార్తలు వచ్చాయి. చివరికి 2014 జూన్‌లో అమెజాన్ యాప్ స్టోర్‌ను ఫోన్‌లోనే పెడతామని ప్రకటించి, ఆండ్రాయిడ్ యాప్‌లకు దారి తెరిచారు. 2015 జనవరిలో కంపెనీ అధిపతి జాన్ చెన్ అమెరికా చట్టసభ సభ్యులకు బహిరంగ లేఖ రాశారు. యాప్ కంపెనీలు అన్ని ఫోన్లకూ సమానంగా సేవలందించేలా నిబంధన తేవాలని అందులో కోరారు. ప్రోత్సాహకంతో సాధ్యంకానిది చట్టంతో అడగడమంటే ఆ దారి మూసుకుపోయిందని ఒప్పుకున్నట్లే. 2022 జనవరి 4న బ్లాక్‌బెర్రీ 10కు సేవలు ఆగిపోయాయి.

భారతదేశంలో ప్రయోగాలు

మూడో ప్లాట్‌ఫామ్‌ల ఆశలు ఎక్కువగా చవక ఫోన్ల మీద, అందువల్ల భారత్ మీద ఉండేవి. 2012 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ బెంగళూరులో నిర్వహించిన విండోస్ యాప్‌ఫెస్ట్‌లో 2,500 మందికి పైగా డెవలపర్లు 18 గంటలపాటు ఏకబిగిన యాప్‌లు రాసి గిన్నిస్ రికార్డుకెక్కారు. రికార్డు వచ్చింది, ఆ తర్వాత ఆ యాప్‌లను అప్‌డేట్ చేస్తూ ఉండే పని మాత్రం ఏ రికార్డూ లెక్కపెట్టదు.

మొజిల్లా ఫైర్‌ఫాక్స్ ఓఎస్ వెబ్ యాప్‌లనే నమ్ముకుంది. 2013లో పేరున్న యాప్‌లు తెచ్చే డెవలపర్లకు ఉచితంగా ఫోన్లు పంచింది. 2014 ఆగస్టులో ఇంటెక్స్ క్లౌడ్ ఎఫ్‌ఎక్స్ పేరుతో 1,999 రూపాయలకే ఫోన్ వచ్చింది. కానీ భారతీయులకు అన్నిటికంటే ముందు కావాల్సిన వాట్సాప్ అధికారికంగా అందులో లేదు. 2015 డిసెంబరులో మొజిల్లా ఫోన్ల నుంచి తప్పుకుంది. శామ్‌సంగ్ తన టైజెన్ ఫోన్ జీ1ను 2015 జనవరిలో 5,700 రూపాయలకు మొదట భారత్‌లోనే విడుదల చేసింది. 2017 ఫిబ్రవరి నుంచి అక్టోబరు వరకు, ప్రతి నెలా ఎక్కువమంది దింపుకున్న 100 టైజెన్ యాప్‌లకు పది వేల డాలర్ల చొప్పున ఇచ్చే పథకం పెట్టింది. నెలకు పది లక్షల డాలర్లు, మొత్తం 90 లక్షలు. అంత ఇచ్చినా టైజెన్ ఫోన్లు నిలబడలేదు.

విచిత్రమేమిటంటే, ఫైర్‌ఫాక్స్ ఓఎస్ కోడ్ నుంచి పుట్టిన కైఓఎస్‌కు డెవలపర్లను బతిమాలాల్సిన అవసరం పెద్దగా రాలేదు. 2017లో 1,500 రూపాయల డిపాజిట్‌తో వచ్చిన జియోఫోన్ కైఓఎస్ మీదే నడిచింది. కోట్లాది మంది దాన్ని వాడడం మొదలుపెట్టాక 2018 సెప్టెంబరులో వాట్సాప్ తనంతట తానే వచ్చింది. అంతకుముందే, జూన్‌లో, గూగుల్ ఆ కంపెనీలో 2.2 కోట్ల డాలర్ల పెట్టుబడి పెట్టింది. ఆండ్రాయిడ్ ఫోన్లు చవకై జనం అటు మళ్లాక, 2024లో వాట్సాప్ కైఓఎస్‌లో కొత్తగా దింపుకునే వీలును తీసేసింది.

హువావే: భిన్నమైన పరిస్థితి

2019 మేలో అమెరికా ఆంక్షలతో హువావే ఫోన్లకు గూగుల్ సేవలు దూరమయ్యాయి. ఆ కంపెనీ డెవలపర్ల కోసం 100 కోట్ల డాలర్ల ప్రోత్సాహక నిధి ప్రకటించింది. 2024 అక్టోబరులో ఆండ్రాయిడ్ యాప్‌లు అసలే నడవని హార్మొనీ ఓఎస్ నెక్స్ట్‌ను చైనాలో విడుదల చేసింది. అక్కడ దానికి కలిసొచ్చింది నిధి ఒక్కటే కాదు. చైనాలో హువావే ఫోన్లకు పెద్ద సంఖ్యలో కొనుగోలుదారులున్నారు కాబట్టి అక్కడి పెద్ద కంపెనీలు యాప్ రాయకపోతే నష్టపోయేది తామే. చైనా బయట ఆ బలం లేదు.

మూల్యాంకనం

స్టోర్‌లో చేర్చిన ప్రతి యాప్‌కు ఇంత అని ఇచ్చే నగదు అన్నిటికంటే తక్కువ ఫలితం ఇచ్చింది. అది లెక్కను పెంచుతుంది, స్టోర్‌ను చెత్తతో నింపుతుంది, నిజంగా మంచి యాప్‌ను వెతుక్కోవడం కష్టం చేస్తుంది. పెద్ద కంపెనీ యాప్‌కు ప్లాట్‌ఫామే ఖర్చు పెట్టుకోవడం వల్ల మొదటి వెర్షన్ వస్తుంది, అప్‌డేట్‌లు రావు. ఆండ్రాయిడ్ యాప్‌లను యథాతథంగా నడిపే ఏర్పాటు వాడకందారుకు తక్షణ ఉపశమనం, సొంత డెవలపర్లకు మాత్రం నిరుత్సాహం. మంచి పనిముట్లు, ఖచ్చితమైన నాణ్యత నిబంధనలు, ఉచిత ఫోన్లు, స్టోర్‌లో ప్రచారం తక్కువ ఖర్చుతో ఎక్కువకాలం పనిచేశాయి. 6ట్యాగ్ వంటి యాప్‌లు డబ్బు కోసం కంటే ప్లాట్‌ఫామ్ మీద ఇష్టంతో పనిచేసేవారి చేతుల్లో పుట్టాయి. అలాంటివారిని నిలుపుకోవాలంటే వారు నేర్చుకున్న విద్య రెండేళ్లకే పాతబడకూడదు.

ఇకముందు ఏ కంపెనీ అయినా ఇలాంటి ప్రయత్నం చేస్తే, బ్లాక్‌బెర్రీ పది వేల డాలర్ల హామీలోని షరతును ముందుగా చదవాలి. చేర్చిన రోజున చెల్లించే బహుమతి కంటే, ఏడాది తర్వాత కూడా వాడుకలో ఉండి అప్‌డేట్ అవుతున్న యాప్‌కు ఇచ్చే హామీయే నాణ్యతకు దారితీస్తుంది. అయితే ఆ హామీ కూడా వాడకందార్లు పెరిగేదాకా గడువు సంపాదించిపెడుతుందే తప్ప, వారి లోటును భర్తీ చేయలేదు.